పాత రివాల్వరుకు న్యాయమైన వెల

వస్తువు పాతదైనంతమాత్రమున దానికి వెల లేకపోదు. తండ్రి వాడినదైనంతమాత్రమున దాని వెల పెరుగదు. ఈ రెండు మాటలును వర్తకులకు క్రొత్తవి కావు. బియ్యము, బట్ట, బండి, ఇల్లు – వీని విషయమున మనవారు ఈ లెక్క బాగుగనే యెరుగుదురు. కాని బీరువాలో నున్న పాత రివాల్వరును అమ్మవలసి వచ్చినప్పుడు ఎంత తెలివిగలవారికిని లెక్క తప్పుచున్నది. కొందరు దానికి లేని ఘనత కల్పించి, ఏండ్లతరబడి కొనువారు దొరకక కూర్చుందురు. ఎక్కువమంది భయముచేతను తొందరచేతను ఎదుటివాడు అడిగిన వెలకు వదలుకొందురు. రెండును తప్పే. రెండవదానివలన కలుగు నష్టము మాత్రము దిక్కులేని యిండ్లపై పడుచున్నది.

ఆయుధమును గూర్చి మన పత్రికలో చర్చ యేల యని కొందరు శంకింపవచ్చును. బళ్ళారి, హోసూరు, బ్రహ్మపురము మొదలైన చోట్ల తరతరములుగ స్థిరపడిన మన కుటుంబములలో దూరపు పొలములు చూచుకొనువారును, రొక్కముతో సంతలకు పోవు వర్తకులును ఉండిరి. వారిలో కొందరు ఆత్మరక్షణకై లైసెన్సు పొంది రివాల్వరు కొనిరి. నేడు ఆ తరము వృద్ధమైనది. కుమారులు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, విదేశములలోనో ఉద్యోగములు చేయుచున్నారు. వారికి ఆయుధముతో పనిలేదు. పెద్దాయన గతించిన పిమ్మట ఆ వస్తువు భారము ఇల్లాలిపై పడుచున్నది. దానిని చట్టప్రకారము, నష్టపోకుండ, ఇంటినుండి సాగనంపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము గాని, ఆయుధములపై ఎవరికిని మోజు కలిగించుట కాదు.

మొదట వస్తువు ఏ రకమో తెలిసికొనవలెను. విదేశపు రివాల్వర్లును పిస్తోళ్ళును సామాన్యులకొరకు దిగుమతి యగుట 1980వ దశకము నడుమనుండి నిలిచిపోయినది. అంతకు పూర్వము వచ్చిన ఇంగ్లండు దేశపు వెబ్లీ వంటివి దేశములో ఉన్నవే ఉన్నవి, ఇక పెరుగవు. అందుచేత వానికి పలుకు వెల వేరు. కాని మన యిండ్లలో సాధారణముగ కనబడునది కాన్పూరు ప్రభుత్వ కర్మాగారములో తయారైన పాయింటు 32 రివాల్వరు. అది వెబ్లీ మచ్చు ననుసరించి చేసినదే యైనను వెబ్లీ కాదు. మధ్యతరగతివాడు కొనగలిగిన ఆయుధము. ఆయుధ కర్మాగారముల బోర్డు 2021 అక్టోబరు 1న రద్దయి, కర్మాగారములు ఏడు ప్రభుత్వ కంపెనీలకు పంచబడినను కాన్పూరులో రివాల్వర్ల తయారీ సాగుచునే యున్నది. “వెబ్లీకి లక్షలు వచ్చెనట” అని విని తన కాన్పూరు రివాల్వరుకు అదే వెల చెప్పువాడు, పట్టుచీర వెల విని నూలుచీరకు ఆ వెల అడుగువానివంటివాడు.

క్రొత్తది దొరకుచున్నంతకాలము పాతదాని వెల క్రొత్తదాని వెలను మించరాదు. ఇది మొదటి సూత్రము. అమెరికాలో ఒహాయో రాష్ట్రమున తయారగు హై-పాయింటు వంటి చౌకరకపు పిస్తోలు క్రొత్తదియే 200 డాలర్ల ప్రాంతమున దొరకును. అచ్చట పాతదానికి ఎవ్వరును ఎక్కువ యియ్యరు. మన దేశమున క్రొత్తది అంత చౌక కాదు. 2014లో కాన్పూరునుండి స్త్రీల నుద్దేశించి వెలువడిన ‘నిర్భీక్’ అను తేలిక రివాల్వరు వెల అప్పుడే 1 లక్షా 22 వేల రూపాయలు దాటెను. దానికితోడు 2025 సెప్టెంబరు 22 నుండి రివాల్వర్లపైనను పిస్తోళ్ళపైనను జీఎస్టీ నూటికి 28 నుండి 40కి పెరిగినది. క్రొత్తది కొనువాడు ఈ పన్ను చెల్లింపక తప్పదు. గృహస్థు తన సొంత వస్తువును మరియొక గృహస్థునకు అమ్ముట వ్యాపారము కాదు గనుక అందులో ఆ పన్ను ప్రసక్తి లేదు. ఈ భేదము అమ్మువానికి బలము. కాని మనవారు భర్తయో తండ్రియో ఇరువది యేండ్ల క్రిందట కొన్న రసీదు చేతబట్టుకొని, “అప్పుడు ఇంతే యిచ్చితిమి, ఇప్పుడు సగము వచ్చిన చాలును” అని బేరమునకు కూర్చుందురు. పాత రసీదు చరిత్రకు పనికివచ్చును, వెలకు పనికిరాదు.

లెక్క సులభముగ తెలియుటకు కర్మాగారపు వెల 1,00,000 రూపాయలని అనుకొందము. పన్నుతో 1,40,000. పాతది కొనువానికి క్రొత్తదానియందుండు నిశ్చింత లేదు. చట్టము చెప్పిన గడువు కాచుకొనవలెను. అందుకై ఐదవవంతు, అనగా 28,000 తగ్గించుట న్యాయము. మిగిలినది 1,12,000. పై మెరుగు పోయి, లోపలి పని చక్కగా నున్నచో మరి 12,000 తగ్గించి లక్ష రూపాయలకు కుదుర్చుకొన్నచో ఇరువురకును ధర్మమే. మరమ్మతు కావలసియున్నచో ఆ ఖర్చంతయు తీసివేయవలెను. గొట్టములోపల తుప్పు తిని గుంటలు పడినచో సగము వెలయు ఎక్కువే. ఈ అంకెలు మచ్చుకు మాత్రమే. వరుస ముఖ్యము: నేటి క్రొత్త వెల, దానిపై పన్ను, పాతదనపు తరుగు, మరమ్మతు ఖర్చు. ఈ నాలుగు పద్దులలో లేని దేనినిగాని బేరములోనికి రానీయకూడదు. తాతగారి పరువు పద్దు కాదు. విధవరాలి అవసరమును పద్దు కాదు.

వస్తువు స్థితిని లైసెన్సుగల ఆయుధవ్యాపారివద్ద, తూటాలు లేవని నిర్ధారించుకొన్న పిమ్మటనే, పనితెలిసినవానిచేత చూపించవలెను. తూటాలు నిలుచు చక్రము ట్రిగ్గరు లాగునప్పుడు గొట్టమునకు సరిగ ఎదురుగ వచ్చి నిలుచుచున్నదా, అటునిటు కదలుచున్నదా. గొట్టములోపలి చాళ్ళు స్పష్టముగ నున్నవా. చట్రమున బీట యేమైన కలదా – ఇవి చూడవలసినవి. చాల రివాల్వర్లు పేల్చుటచేత చెడినవి కావు. తోలు సంచిలో ఏండ్లతరబడి మూసియుంచగా తేమ పట్టి చెడినవి. “ఒక్కమారును పేల్చలేదు” అను మాటకు అందుచేతనే ఎక్కువ విలువ యియ్యరాదు. ఆయుధముపైనున్న సంఖ్య లైసెన్సులోని సంఖ్యతో సరిపోవలెను. సరిపోనిచో బేరము మాని అధికారులకు తెలుపుటయే మార్గము.

ఇక చట్టము. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము 5వ సెక్షను ప్రకారము గృహస్థు తన లైసెన్సు ఆయుధమును, దానిని ఉంచుకొనుటకు చట్టరీత్యా అర్హతగల మరియొకనికి అమ్మవచ్చును. కాని ముందుగ జిల్లా మేజిస్ట్రేటుకుగాని సమీప పోలీసు ఠాణా అధికారికిగాని తన ఉద్దేశమును, కొనువాని పేరును, చిరునామాను వ్రాతమూలకముగ తెలుపవలెను. తెలిపిన పిమ్మట 45 దినములు గడువవలెను. అంతవరకు వస్తువు చేతులు మారరాదు. లైసెన్సు లేనివాడు రెండింతలు ఇచ్చెదనని వచ్చినను అది వెల కాదు. అమ్మువానిని చెరసాలకు పంపు లంచము. కనుక న్యాయమైన వెల యన్నది అర్హుడైన కొనుగోలుదారు ఇచ్చు వెలయే.

లైసెన్సుదారు మరణించినప్పుడు ఆయుధము ఇంటిలో ఉంచుకొనుట కుదరదు. ఆలస్యము లేకుండ ఠాణాలోగాని లైసెన్సుగల వ్యాపారివద్దగాని అప్పగింపవలెను. ఇక్కడనే మనవారు మోసపోవుచున్నారు. అప్పగించినంతమాత్రమున వస్తువు ప్రభుత్వమున కైపోయెనని భ్రమింతురు. అది నిజము కాదు. 21వ సెక్షను ప్రకారము వారసులు దానిని అర్హునికి అమ్మించి, ఆ సొమ్ము పుచ్చుకొను హక్కు కలవారు. నియమములలోని గడువు దాటి ఏమియు చేయక యూరకున్నప్పుడే అది ప్రభుత్వమునకు జప్తు కాగలదు. మా ప్రాంతమున ఒక యిల్లాలికి, “ఎట్లును సర్కారు పట్టుకొనును, పదిహేనువేలు పుచ్చుకొని సంతకము చేయుడు” అని ఒకరు చెప్పిరట. ఆమె కాగితములు సంఘమువారికి చూపగా గడువు ఇంకను చాల యుండెను. అర్హుడైన మరియొక కొనుగోలుదారు దొరకి, ఆ సొమ్మునకు నాలుగింతలు ఆమెచేతికి వచ్చెను. గడువును చూచి భయపడినవాడు బేరములో సగము ముందే ఓడిపోవును. 2019 సవరణవలన ఒక్కొక్కరు ఉంచుకొనదగిన ఆయుధములు మూడునుండి రెండునకు తగ్గగా, మూడవదానిని ఒక్క సంవత్సరములో వదలుకొనవలసి వచ్చెను. అమ్మువారందరు ఒకే సంతకు ఒకేమారు వచ్చినచో వెల యేమగునో వర్తకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

వ్యాపారులందరును మోసగాండ్రని నా మాటలకు అర్థము కాదు. ఆయుధవ్యాపారికి లైసెన్సు ఖర్చు, భద్రమైన గది ఖర్చు, పుస్తకముల లెక్క, తనిఖీల శ్రమ కలవు. వస్తువు అమ్ముడుపోవువరకు అతని పెట్టుబడి నిలిచిపోవును. అందుకు తగిన కమీషను అతనికి ముట్టవలసినదే. కాని ఆ కమీషను ఎంతో ముందుగ చెప్పి, కాగితముపై వ్రాసి పుచ్చుకొనవలెను. వెలలో దాచి పుచ్చుకొన్నది కమీషను కాదు.

“ఎంతకు తెగిన అంతయే వెల, దీనిలో న్యాయమేమి, అన్యాయమేమి?” అని కొందరు అందురు. ఇరువురును వస్తువును ఎరిగి, ఇరువురకును కాచుకొను వ్యవధి యున్నప్పుడు ఆ మాట ఒప్పుకొందును. ఒకరికి అంతయు తెలిసి, రెండవవారికి ఏమియు తెలియనప్పుడు తెగినది వెల కాదు, వస్తువును లాగుకొనుటయే. మన విషయములో తెలియకపోవుటకు భాషయు ఒక కారణము. కన్నడ లిపి మన లిపికి దగ్గర గనుక బళ్ళారివారు నోటీసును కూడబలుకుకొని యైన చదువుకొందురు. హోసూరులో తమిళపు నోటీసు, బ్రహ్మపురములో ఒడియా నోటీసు వచ్చినప్పుడు ఇంట తెలుగు మాత్రమే చదువనేర్చిన ముదుసలి ఏమి చేయగలదు? దళారి చదివి చెప్పినదే ఆమెకు చట్టము. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము తన ఇబ్బందిని తొలగింపుమని కోరు విజ్ఞప్తిని రాష్ట్రములోగాని కేంద్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారికి సమర్పించు హక్కు ప్రతివానికి కలదు. అనగా ఆమె తెలుగులోనే వ్రాసికొనవచ్చును. ఈ హక్కును సభలలో పొగడుటకంటె ఇట్టి పనులయందు వాడుకొనుట మేలు.

కావున మన సంఘశాఖలు మూడు పనులు చేయవలెనని నా సూచన. కర్మాగారపు నేటి వెలను, పన్నును తెలిసికొని ఏటికొకమారు మన పత్రికలో ప్రకటింపవలెను. ఇట్టి కాగితములు చదివి తెలుగులో చెప్పగలవారిని ఒక్కొక్క ఊర ఇరువురిని ఏర్పరుపవలెను. వారు బేరములో తలదూర్చరాదు, ఒక్క కాసైన పుచ్చుకొనరాదు. మూడవది, పెద్దలు బ్రతికియుండగనే ఈ విషయము తేల్చుకొనునట్లు చెప్పవలెను. 2016 నియమముల ప్రకారము లైసెన్సుదారునకు 70 ఏండ్లు నిండినను, ఆయుధము చేతికి వచ్చి 25 ఏండ్లయినను, ఏది ముందైన అది, తాను పేర్కొన్న వారసునికి లైసెన్సు కోరవచ్చును. వారసునికి అక్కరలేనిచో తానే నిదానముగ, మంచి వెలకు అమ్మివేయవచ్చును.

ఇంటి పెద్ద తన పొలము పత్రములు ఎక్కడ నున్నవో భార్యకు చెప్పును. బ్యాంకు పుస్తకము చూపును. రివాల్వరు లైసెన్సు ఎక్కడ నున్నది, దాని గడువెప్పుడు, నేడు దాని వెల యెంత అను మూడు మాటలను కూడ ఆ పుస్తకములోనే వ్రాసియుంచిన, రేపు ఆమె ఎవరి దయకును చేయి చాపనక్కరలేదు.