త్రీనాట్‌త్రీకి కొలతలు తీసి తూటా!

పోలీస్ స్టేషన్ గుమ్మంలో సెంట్రీ. చేతిలో నిలువెత్తు కొయ్య తుపాకీ. త్రీనాట్‌త్రీ అనగానే చాలామందికి కళ్లముందు కదిలే బొమ్మ ఇదే. ఉత్తరప్రదేశ్ పోలీసులైతే 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో దానికి ఘనంగా వీడ్కోలు చెప్పేశారు. ఇక దాని పని అయిపోయినట్లేనా? కానే కాదు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, అమెరికాల్లో ఈ ముసలి తుపాకీని ముద్దుగా చూసుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. సెలవు రోజున షూటింగ్ రేంజ్‌కి వెళ్లి, వంద గజాల దూరంలో పెట్టిన కాగితం మీద గురి చూసుకోవడం వాళ్ల సరదా. దానికోసం వాళ్లు తూటాలను సొంతంగా తయారుచేసుకుంటారు. ఆ పనినే హ్యాండ్‌లోడింగ్ అంటారు.

దుకాణంలో దొరికేది ఉండగా ఈ శ్రమంతా ఎందుకు? రెడీమేడ్ చొక్కా ఉండగా దర్జీ దగ్గరికి ఎందుకు వెళ్తారో, ఇదీ అందుకే!

బురద కోసం వదులు

ఈ తుపాకీ అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. స్కాట్లాండ్‌లో పుట్టి ఉత్తర అమెరికాలో స్థిరపడిన జేమ్స్ పారిస్ లీ దీని యంత్రాంగాన్ని రూపొందించాడు. 1895లో బ్రిటిష్ సైన్యంలో చేరింది. గొట్టం లోపలి వెడల్పు 0.303 అంగుళాలు కాబట్టి త్రీనాట్‌త్రీ అయింది. మన దేశంలో పశ్చిమబెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం వీటిని తయారుచేసింది.

మొదటి ప్రపంచయుద్ధంలో కెనడా సైనికులు రాస్ అనే రైఫిల్ పట్టుకుని వెళ్లారు. గురికి దానికి పెట్టింది పేరు. కానీ 1915లో ఈప్రా యుద్ధభూమి బురదలో అది మొరాయించింది. శత్రువు మీదికి వస్తుంటే బోల్టు తెరుచుకోలేదు. దాంతో చాలామంది దాన్ని పారేసి, నేలకొరిగిన బ్రిటిష్ సైనికుల లీ ఎన్‌ఫీల్డ్‌లు అందుకున్నారు. ఇది బురదలోనూ ఆగలేదు. కారణం... తూటా కూర్చునే గది కాస్త వదులుగా ఉండటమే. ఆనాడు సైనికుడి ప్రాణం కాపాడిన ఆ వదులే ఈనాడు గురి చూసుకునేవారికి తలనొప్పి!

మొదట గొట్టం కొలత

కాబట్టి పని తూటాతో మొదలవదు, తుపాకీతో మొదలవుతుంది. ముందు ఆయుధాల పని తెలిసిన నిపుణుడికి చూపించి, కాల్చడానికి పనికొస్తుందో లేదో తేల్చుకోవాలి. ఆ తర్వాత గొట్టంలోకి మెత్తటి సీసం ముక్కను నెట్టి, అవతలికి వచ్చాక దాన్ని కొలుస్తారు. ఈ తుపాకీకి వాడే బుల్లెట్ వ్యాసం మామూలుగా 0.311 అంగుళాలు. కానీ యుద్ధకాలంలో హడావుడిగా చేసినవి, వేల తూటాలు పేల్చి అరిగినవి అంతకంటే వెడల్పుగా ఉంటాయి. వెడల్పు గొట్టంలో సన్నటి బుల్లెట్ వేస్తే అది గాడులను గట్టిగా పట్టుకోదు. సరిగ్గా తిరగదు, ఎటో పోతుంది. అలాంటప్పుడు తుపాకీని తిట్టుకుని లాభం లేదు. దాని కొలతకు తగిన బుల్లెట్ వెతకాలి.

ఒకసారి పేలిన కేసే నేస్తం

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి కేస్, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, కొసన బుల్లెట్. వీటిలో మళ్లీ మళ్లీ వాడుకోగలిగేది ఇత్తడి కేసు ఒక్కటే. పేల్చినప్పుడు అది ఉబ్బి, ఆ తుపాకీ గది ఆకారాన్నే తెచ్చుకుంటుంది. అచ్చు పోసినట్లే! అందుకే అనుభవజ్ఞులు దాన్ని మళ్లీ మొత్తం కుదించరు. బుల్లెట్‌ను పట్టుకునే మెడ భాగాన్ని మాత్రం బిగిస్తారు. ఆ కేసు ఇక ఆ తుపాకీకే అంకితం. ఇంకో త్రీనాట్‌త్రీలో పట్టకపోవచ్చు కూడా.

ఇలా చేయకపోతే? ప్రతిసారీ కుదించడం, ప్రతిసారీ సాగడం. పైగా ఈ తుపాకీలో బోల్టును పట్టి ఉంచే భాగాలు వెనకవైపు ఉంటాయి కాబట్టి సాగుదల మరింత ఎక్కువ. అలా ఇత్తడి అడుగు దగ్గర పలచబడి, చివరికి కేసు రెండు ముక్కలవుతుంది. వేడి వాయువులు కాల్చేవారి ముఖం వైపే తన్నుకొచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఒక సన్నటి తీగ కొసను వంచి కేసు లోపల గీకి చూస్తారు. అడుగు దగ్గర చిన్న గాడిలా తగిలిందా, అది చెత్తబుట్టలోకే. కళ్లద్దాలు లేకుండా రేంజ్‌లో అడుగు పెట్టరు.

ఎక్కువ మందు... ఎక్కువ గురి కాదు

కొత్తవారు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. మందు పెంచితే గురి పెరుగుతుందనుకుంటారు. నిజానికి వేగం వేరు, నిలకడ వేరు. మందు తయారీదారులు ప్రచురించే పుస్తకంలో ఆ బుల్లెట్‌కు, ఆ మందుకు చెప్పిన అతి తక్కువ మోతాదు దగ్గర మొదలుపెట్టాలి. అక్కడి నుంచి అర గ్రెయిన్ చొప్పున పెంచుతూ, ఒక్కో మోతాదుకు అయిదేసి తూటాలు కట్టాలి. అర గ్రెయిన్ అంటే ఎంత? గ్రాములో ముప్పయ్యో వంతు! బల్ల మీద ఒక్క రకం మందు డబ్బానే ఉండాలి. ఒక కేసులో పొరపాటున రెండుసార్లు పోస్తే తుపాకీ పగిలిపోతుంది. అందుకే ఆ సమయంలో టీవీ ఉండదు, ఫోను ఉండదు, కబుర్లు ఉండవు.

రేంజ్‌లో ఇసుక సంచి మీద తుపాకీని ఆనించి, అయిదు తూటాలూ ఒకే గురికి కాలుస్తారు. కాగితం మీద చిల్లులు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలిచి పుస్తకంలో రాసుకుంటారు. పెంచుతూ పోతే చిల్లులు ఒకచోట ముద్దలా చేరతాయి, ఇంకాస్త పెంచగానే మళ్లీ చెదిరిపోతాయి. ముద్దగా చేరిన మోతాదే ఆ తుపాకీ మెచ్చిన మోతాదు. చాలాసార్లు అది గరిష్ఠానికి బాగా తక్కువే. పాత సైనిక తూటాలతో నాలుగైదు అంగుళాల మేర చెదిరే తుపాకీ, రెండంగుళాల్లోకి వచ్చిందంటే దాని యజమానికి ఆ రోజు పండగే.

కొయ్యలోనూ కిటుకుంది

ఇంత చేసినా గురి కుదరకపోతే కొయ్యను చూడాలి. గొట్టం చుట్టూ ఉన్న కొయ్య ఎండకు, తేమకు వంకర తిరుగుతుంది. గొట్టాన్ని ఓ పక్కకు నొక్కితే మొదటి తూటా ఒకచోట, వేడెక్కాక అయిదోది ఇంకోచోట.

విచిత్రమేమిటంటే, ఈ తుపాకీ లోపమే ఒక్కోసారి వరమైంది. పేల్చగానే దీని గొట్టం కొస పైకి లేస్తుంది. కాస్త నెమ్మదైన బుల్లెట్ కాస్త ఆలస్యంగా, అంటే కొస ఇంకాస్త పైకి లేచాక బయటపడుతుంది. దూరం వెళ్లేకొద్దీ అది ఎక్కువ కిందికి జారుతుంది కాబట్టి, చివరికి వేగంగా వెళ్లినదానితో సమానమవుతుంది. అందుకే 1890 నుంచి పోటీలు జరుగుతున్న ఇంగ్లండ్‌లోని బిస్లీ మైదానంలో, వెయ్యి గజాల గురికి దీన్ని ఏరికోరి వాడినవాళ్లున్నారు.

ఒక్క మాట. ఇదంతా ఆయా దేశాల చట్టాలకు లోబడి జరిగే వ్యవహారం. మన దేశంలో త్రీనాట్‌త్రీ సామాన్యులకు నిషిద్ధమైన బోరు. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇక్కడ ఎవరూ ప్రయత్నించాల్సిన పని కాదు.

ఒకప్పుడు నిమిషానికి పదిహేను తూటాలు గురి చూసి కాల్చాలని సైనికులకు ఇదే తుపాకీతో శిక్షణ ఇచ్చేవారు. ఇప్పుడు దాని యజమాని అయిదు తూటాలు కాల్చడానికి ఓ సాయంత్రమంతా బల్ల ముందు కూర్చుంటున్నాడు. దానికి ఎదురుగా ఉన్నది మనిషి కాదు, కాగితం. ముసలి తుపాకీకి ఇంతకన్నా మంచి విశ్రాంతి ఏముంటుంది!