మంచులింగం నిలిచేదెలా? మనం వెళ్లివచ్చేదెలా?



ఎండాకాలం ముగుస్తూ ఉండగానే మా వీధిలో అమరనాథ్ మాట మొదలవుతుంది. "కళ్లు మూసేలోగా ఆ మంచులింగాన్ని ఒక్కసారి చూడాలి" అనే పెద్దవాళ్లు మన రాజపాళయంలో చాలామందే ఉన్నారు. పిల్లలేమో "గుహలో మంచు ఎందుకు కరగదు?" అని అడుగుతారు. ఈసారి ఆ రెండు సంగతులూ చెప్పుకుందాం.

ముందు పిల్లల ప్రశ్న. ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే చలిగాలి మన కాళ్ల మీదికి దిగుతుంది. అదే అంగట్లో ఐస్‌క్రీం పెట్టె మూత పైకెత్తితే చలి లోపలే ఉంటుంది. చల్లగాలి బరువు, వేడిగాలి తేలిక, అంతే కారణం. లోతుకు దిగే గుహల్లోనూ ఇదే జరుగుతుంది. చలికాలంలో జారిన చల్లగాలి అడుగున నిలిచిపోతుంది. వేసవిగాలి దాన్ని కదిలించలేదు. రుమేనియాలోని స్కరిషోవారా గుహలో పదివేల ఏళ్లకు పైబడిన మంచు ఇలాగే నిలిచింది.

అమరనాథ్ తీరు కొంచెం వేరు. ఆ గుహ ద్వారం విశాలం. కాని గుహ ఉన్నది 3,888 మీటర్ల ఎత్తున. పైకప్పు సందుల్లోంచి కారే నీరు చుక్కచుక్కగా కిందపడి గడ్డకడుతుంది. చుక్క మీద చుక్క చేరి లింగాకారం లేస్తుంది. మన బొర్రా గుహల్లోనూ నేలమీంచి లింగాలు లేస్తాయి కద! అక్కడ నీరు పోయి సున్నం మిగులుతుంది, ఇక్కడ నీరే గడ్డకడుతుంది. అంచేత బొర్రా లింగాలు ఎండాకాలం వచ్చినా చెక్కుచెదరవు. అమరనాథ్ లింగం ఋతువును బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. 2024లో యాత్ర మొదలైన వారం రోజులకే కరిగిపోయింది. కాబట్టి ఎంత తొందరపడి వెళ్లినా, నిండు లింగం కనబడుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

ఇక పెద్దవాళ్ల కోరిక. కొన్నేళ్ల కిందట మా మేనత్తను తీసుకుని నేనూ బయలుదేరాను. ఆవిడకు అప్పటికి అరవై ఆరేళ్లు. పహల్‌గాం దారిలో శేషనాగ్ చేరిన రాత్రి తలనొప్పి, వాంతులు పట్టుకున్నాయి. పొద్దున్నే శిబిరంలో డాక్టరు చూసి, "పైకి వద్దు, వెంటనే కిందికి దించండి" అన్నాడు. అత్త ఏడ్చింది. "శివుడి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోవడమా నాయనా?" అంది. ముందున్న మహాగుణస్ కనుమ గుహకన్నా ఎత్తు. నాకూ మనసొప్పలేదు గాని దించేశాను. చందన్‌వాడీ చేరేసరికి ఊపిరి తేరుకుంది, టీ అడిగింది.

గుట్టు ఇంతే. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. శరీరం దానికి అలవాటు పడటానికి రోజులు కావాలి. తలనొప్పి, వికారం, ఆయాసం కనిపిస్తే ఇంకో అడుగు పైకి వేయకూడదు. ఓర్చుకోవడం భక్తి అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

వెళ్లదలచినవారు గమనించవలసినవి:

నెల ముందునుంచీ రోజూ నాలుగైదు కిలోమీటర్లు నడవండి. ఆరోగ్య ధృవపత్రం, పేరు నమోదు తప్పనిసరి. 2025 యాత్రలో 13 ఏళ్లలోపు వారికి, 70 దాటినవారికి, ఆరు వారాలు దాటిన గర్భిణులకు అనుమతి లేదు. బాల్తాల్ దారి 14 కిలోమీటర్లే అయినా నిటారు. చందన్‌వాడీ నుంచి 32 కిలోమీటర్లు, ఎక్కడం కాస్త నెమ్మది. ఆడవాళ్లు చీరకు బదులు సల్వార్ కమీజ్ వేసుకోవడం మంచిది. ఉన్ని బట్టలు, వానకోటు, జారని బూట్లు ఉండాలి. ఖాళీ కడుపుతో నడవకండి, నీళ్లు బాగా తాగండి.

వాతావరణాన్ని నమ్మకండి. 1996 ఆగస్టులో మంచుతుఫానులో 240 మందికి పైగా యాత్రికులు చనిపోయారు. 2022 జూలై 8న గుహ దగ్గర వచ్చిన వరదలో కనీసం 15 మంది పోయారు. ఆగమంటే ఆగండి. ప్రమాద సూచిక ఉన్నచోట కూర్చోకండి.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకూ ఒక మాట. హిమానీనదం కింద కరిగిన నీరు తొలిచిన మంచుగుహలు వేరే జాతి. అక్కడ గోడా కప్పూ మంచే. 2024 ఆగస్టులో ఐస్‌లాండ్‌లో అలాంటి చోట మంచు కూలి ఒక యాత్రికుడు మరణించాడు. వేసవిలో అటు పోవద్దు. చలికాలంలోనైనా అనుభవజ్ఞుడైన మార్గదర్శి లేకుండా, తలకు హెల్మెట్ లేకుండా లోపలికి అడుగుపెట్టవద్దు.

మా అత్త మళ్లీ వెళ్లలేదు. ఎవరైనా అడిగితే, "నాకు శేషనాగ్ దగ్గరే దర్శనమైంది, దిగిపొమ్మని చెప్పింది ఆయనే" అంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు బయలుదేరుతుంటే ఈ మాట వాళ్లకు చదివి వినిపించండి. తోడు వెళ్లే కుర్రవాళ్లకు మరీ ముఖ్యంగా వినిపించండి.