చెయ్యి కలిపే రెండు సెకన్లూ ఇంటర్వ్యూలో భాగమే!

2025 సెప్టెంబరు 14న దుబాయ్‌లో ఆసియా కప్ మ్యాచ్ ముగిశాక భారత్, పాకిస్థాన్ ఆటగాళ్లు చేతులు కలపలేదు. మ్యాచ్ కంటే ఆ షేక్‌హ్యాండ్ గురించే ఎక్కువ చర్చ నడిచింది. రెండు సెకన్ల పనికి అంత బరువుందా? ఉంది. ప్లేస్‌మెంట్ గదిలో కూడా ఉంది.

ఏలూరు సర్ సీఆర్ రెడ్డి కాలేజీలో చదివినా, తాడేపల్లిగూడెం నిట్‌లోనో వాసవిలోనో చదివినా ఇప్పుడు చాలా కంపెనీల తొలి పరీక్ష కంప్యూటర్ ముందే. ఎదురెదురుగా కూర్చునేది చివరి రౌండ్లలో. అక్కడిదాకా వచ్చినవాళ్ల మధ్య మార్కుల తేడా పెద్దగా ఉండదు. చిన్న విషయాలకు విలువ పెరిగేది అప్పుడే.

అమెరికాలోని అయోవా యూనివర్సిటీకి చెందిన గ్రెగ్ స్టీవర్ట్ బృందం 98 మంది విద్యార్థుల మాక్ ఇంటర్వ్యూలను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించింది. షేక్‌హ్యాండ్‌కు మార్కులు వేసినవాళ్లు వేరు, ఇంటర్వ్యూ చేసినవాళ్లు వేరు. అయినా చెయ్యి బాగా కలిపినవాళ్లకే ఉద్యోగం ఇవ్వొచ్చన్న సిఫారసులు ఎక్కువొచ్చాయి. గట్టిగా చెయ్యి కలిపిన అమ్మాయిలకైతే అబ్బాయిల కంటే ఎక్కువ లాభం కనిపించింది.

మరి మన దగ్గర? కొల్లేరు లంక గ్రామాల నుంచో, కైకలూరు, ఆకివీడు వైపు నుంచో వచ్చే విద్యార్థికి ఇంట్లో పెద్దలకు దండం పెట్టడం నేర్పారు. మాస్టారి ముందు చేతులు కట్టుకుని నిలబడటమే మర్యాద అని చెప్పారు. అలాంటి కుర్రాడు వేళ్ల కొసలు అందించి తల దించుకుంటే, అవతలివాళ్లు 'కాన్ఫిడెన్స్ లేదు' అనుకునే ప్రమాదం ఉంది. నిజానికి లేనిది అలవాటే, సత్తా కాదు. ఈ తేడా ఇంటర్వ్యూ చేసేవాళ్లూ గమనించాలి. కానీ వాళ్లు మారేదాకా మనం ఆగలేం. అలవాటు చేసుకుంటే పోయే లోటే ఇది.

ఫైలు ఎడమ చేతిలో ఉంచుకోండి. లోపలికి వెళ్లే ముందు అరచెయ్యి చెమట రుమాలుతో తుడుచుకోండి. నవ్వుతూ విష్ చేయండి. వాళ్లు చెయ్యి చాపితేనే మీరూ చాపండి. వేళ్లు కాదు, అరచెయ్యి పూర్తిగా కలవాలి. కళ్లలోకి చూస్తూ ఒకటి రెండుసార్లు ఊపి వదిలేయండి. బలం చూపించే పోటీ కాదిది. ప్యానెల్‌లో ఒకరు చెయ్యి కలిపితే మిగతావాళ్లను వదిలేయొద్దు, కనీసం చూసి పలకరించండి.

చెయ్యి కలపడం ఇబ్బందిగా ఉంటే, ముఖ్యంగా అమ్మాయిలు, నిటారుగా నిలబడి నమస్కారం పెట్టండి. అదేం తక్కువ కాదు. కొవిడ్ భయం మొదలైన 2020 మార్చిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ స్పెయిన్ రాజదంపతులను పలకరించింది నమస్కారంతోనే. కాకపోతే సగం చెయ్యి చాపి, సగం దండం పెట్టే తడబాటు వద్దు. ఏదో ఒకటి ముందే నిర్ణయించుకోండి.

షేక్‌హ్యాండ్ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. ప్రాజెక్టు గురించి అడిగితే నోరు పెగలనప్పుడు అది కాపాడదు కూడా. కానీ మొదటి నిమిషంలో బెరుకు తగ్గితే తెలిసిన జవాబు గొంతులో ఆగిపోదు. మాక్ ఇంటర్వ్యూలు పెట్టే కాలేజీలు గదిలోకి అడుగుపెట్టడం దగ్గర్నుంచే ప్రాక్టీస్ చేయించాలి. చేయించకపోతే హాస్టల్లో రూమ్మేట్ ఉండనే ఉన్నాడు. ఈ రాత్రే మొదలుపెట్టండి.