రెక్కల బొమ్మ



గత నెల పుంగనూరు నుండి నా చెల్లెలు ఫోను చేసింది. కుప్పంలో ఇంజనీరింగు చదువుతున్న తన కుమారుడు తిండి ఖర్చులలో మిగిల్చిన సొమ్ముతో ఏదో విమానపు బొమ్మ పెట్టె తెప్పించుకున్నాడట. రాత్రుళ్లు దానితోనే కూర్చుంటున్నాడట. మదనపల్లె మార్కెట్టులో టమోటాకు ధర పలకక ఉసూరుమంటూ ఇల్లు చేరిన రోజునే తండ్రికి ఈ సంగతి తెలిసింది. ఇక చెప్పనక్కరలేదు. “భాయీజాన్, అది హరామ్ అని మీరు ఒక్క మాట చెప్పండి చాలు. మీరంటే వాడికి భయం” అన్నది.

ఆ చివరి మాట నన్ను ముల్లులా గుచ్చుకొన్నది. ఎనిమిదేళ్ల క్రితం ఆ పిల్లవాడు మా ఇంట ఉండి, మదనపల్లెలో నేను బోధించే మద్రసాకు ఉదయం పాఠానికి వచ్చేవాడు. ఒకనాడు ఖుర్ఆన్ సంచిలోనే ఒక చిన్న ప్లాస్టిక్ విమానం కనబడింది. తానే ముక్కలు అతికించి చేసుకొన్నాడు. నేను దానిని లాక్కొని, బొమ్మలు చేసేవారికి పరలోకంలో పట్టే గతిని పదిమంది పిల్లల ముందు వర్ణించి, అలమారా మీద పడవేశాను. వాడు మళ్ళీ అడుగలేదు. నేనూ తిరిగి ఇవ్వలేదు.

సంచిలో ఖుర్ఆన్‌తో పాటు ఆటవస్తువు పెట్టినందుకు మందలించి ఉంటే సరిపోయేది. నేను చేసినది వేరు. ధర్మంలో లేని శిక్షను ధర్మం పేరిట ప్రకటించాను. చిత్రాలు చేసి బ్రతికే ఒక మనిషి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చి, ఆయన హెచ్చరిక విని పాలిపోయినప్పుడు, చెట్లనూ ప్రాణం లేని వస్తువులనూ చేసుకొమ్మని ఆయన దారి చూపిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉన్నది. దానిని నేను ఎన్నిసార్లు పాఠం చెప్పి ఉంటానో! విమానానికి ప్రాణమెక్కడిది? అంతకంటే సూటిగా తగిలేది సునన్ అబూ దావూద్‌లోని ఉదంతం. హజ్రత్ ఆయిషా (రజి) ఆటవస్తువులలో గుడ్డతో చేసిన రెండు రెక్కల గుర్రం ఒకటి ఉండేది. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (సఅసం) అడిగితే, సులైమాన్ ప్రవక్త (అలై) గుర్రాలకు రెక్కలుండేవని ఆమె గుర్తుచేశారు. ఆయన (సఅసం) మనసారా నవ్వారు. ఆయన నవ్విన చోట నేను గద్దించాను.

ఫత్వా ఫోనులో చెప్పదగినది కాదని, ఒక గురువారం పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో కుప్పం వెళ్ళాను. అద్దె గదిలో బల్లపై పరచిన వార్తాపత్రిక మీద బూడిదరంగు ముక్కలు వరుసగా ఉన్నాయి. నన్ను చూడగానే పిల్లవాడు పత్రికను మడవబోయాడు. “ఉండనీ బేటా, నాకు చూపించు” అన్నాను. నమ్మడానికి కొంతసేపు పట్టింది.

అది వెస్ట్‌లాండ్ వాపిటి అనే విమానానికి 72వ వంతు నమూనా. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క. అసలు విమానం రెక్కల వెడల్పు 46 అడుగుల 5 అంగుళాలు. ఇది 20 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఆదరణ తక్కువగా ఉండే ఇటువంటి విమానాలకు పెద్ద కంపెనీలు ఉక్కు అచ్చులు చేయించవట. చిన్న తయారీదారులు రబ్బరు అచ్చులలో రెజిన్ పోసి కొద్ది సంఖ్యలో తీస్తారు. అచ్చు నుండి ఊడివచ్చేందుకు పూసిన జిడ్డు ముక్కలకు అంటుకొని ఉంటుంది గనుక ముందు సబ్బునీటితో కడగాలి. లేకుంటే రంగు నిలువదు. వంగిన రెక్కను వేడినీటిలో ముంచి చదును చేయాలి. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు చేటు కాబట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకొని తడిపి మాత్రమే అరగదీయాలి. మామూలు ప్లాస్టిక్ జిగురు రెజిన్‌ను పట్టుకోదు. ఫెవిక్విక్ వంటిది కావాలి. అది క్షణాలలో బిగిసిపోతుంది. అందుకని జిగురు లేకుండానే పదిసార్లు అమర్చి చూసుకొంటాడు. రెండు రెక్కల నడుమ నిలిచే కమ్మీలలో ఒక్కటి రవ్వంత ఒరిగినా పై రెక్క మొత్తం వంకరపోతుంది.

ఆ పైన తీగెలు. ఎగిరేటప్పుడు రెక్కలు పైకి విరిగిపోకుండా కొన్ని, నేలపై నిలిచినప్పుడు కిందికి వాలిపోకుండా కొన్ని ఉంటాయట. వెంట్రుక వంటి నైలాన్ దారంతో వాటినన్నిటినీ లాగి కట్టాలి. విమానం నడిపేవాని ఆసనాన్ని చూపించాడు. బియ్యపు గింజంత ఉన్నది, దానికి పట్టీలు కూడా! రెండు సగాలు మూసివేశాక అది దాదాపు కనబడదు. “మరి ఎందుకురా ఇంత శ్రమ?” అంటే, “అక్కడ ఉండాలి కదా మామూ” అన్నాడు.

ఈ విమానాన్నే ఎందుకు ఎంచుకొన్నాడో కూడా చెప్పాడు. 1933 ఏప్రిల్ 1న కరాచీలో భారత వాయుసేన తొలి స్క్వాడ్రన్ నాలుగు వాపిటిలతో మొదలైంది. ఇది అచ్చంగా ఫైటర్ కాదు. గస్తీ నుండి బాంబుల దాకా అన్ని పనులూ మీద వేసుకొన్న విమానం. ఖర్చు తగ్గించేందుకు దీనిని పాత డి.హెచ్. 9ఎ విమానాల రెక్కలు, ఇతర భాగాలు వాడుకొనేటట్లు రూపొందించారు. ఆ డి.హెచ్. 9ఎలతోనే 1918లో బ్రిటిషు వారి 110వ స్క్వాడ్రన్ యుద్ధానికి వెళ్ళింది. ఆ విమానాలకు సొమ్మిచ్చినవాడు మన హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. అందులో ఒకటి నేటికీ లండన్ మ్యూజియంలో ఉన్నది. ఆ సొమ్ములో తెలంగాణ రైతు కట్టిన శిస్తు ఎంతో ఎవరు లెక్క తీస్తారు?

హైదరాబాదులోనే 1923లో జన్మించిన ఇద్రీస్ హసన్ లతీఫ్ సాహెబ్ 1942లో వాయుసేనలో అధికారి అయ్యారు. కరాచీ తీరంలో వాపిటి, హార్ట్, ఆడాక్స్ వంటి ఈ పాత రెండు రెక్కల విమానాలలోనే శత్రు జలాంతర్గాముల కోసం అరేబియా సముద్రంపై గస్తీ తిరిగారు. దేశవిభజన వేళ ఇక్కడే ఉండిపోయి, 1978లో భారత వాయుసేనాధిపతి అయ్యారు. ఆ పదవిని అధిష్ఠించిన తొలి ముస్లిం ఆయనే. ఆయన పేరు నాకు తెలుసు. ఈ విమానాల సంగతి మాత్రం మేనల్లుని నోట విన్నాను.

పెట్టె అడుగున చిన్న బాంబులు కనబడ్డాయి. నా మనసు చివుక్కుమన్నది. బ్రిటిషు వారు ఈ వాపిటిలతోనే వాయవ్య సరిహద్దులో పఠాన్ తెగల పల్లెలపై బాంబులు వేయించారు. “వీటిని పెట్టకుండా వదిలేయరాదా?” అన్నాను. వాడు చాలాసేపు తల వంచుకొని ఉన్నాడు. “తీసేస్తే అది అబద్ధమవుతుంది మామూ. అది చేసిన పని చేయనట్లు చూపినట్లవుతుంది” అన్నాడు. నా వద్ద జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అయితే తండ్రి కోపమూ ఊరకే వచ్చినది కాదు. ఇంట్లో టమోటా నష్టం ఉండగా ఇక్కడ దుబారా తగదు. ఒక సబ్జెక్టు మిగిలిపోయి ఉన్నదని కూడా తేలింది. అది గట్టెక్కేవరకు మరొక పెట్టె కొననని, ఇషా తరువాత గంటకు మించి కూర్చోనని మాట ఇచ్చాడు. అప్పుడు ఆ పాత విమానం సంగతి ఎత్తి, నాదే తప్పని, మాఫ్ చేయమని అడిగాను. వాడు కంగారుపడి లేచి నిలబడ్డాడు. ఏమీ అనలేదు.

తిరుగు ప్రయాణంలో పుంగనూరులో దిగాను. అది హరామ్ కాదని, నేను మునుపు చెప్పినదే పొరపాటని మా బావగారికి చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకొని, “ఇంతకీ అది ఎగురుతుందా?” అన్నారు. ఎగరదన్నాను. “ఎగరని దానికి ఇంత గొడవా!” అంటూ టీ తెమ్మన్నారు.

మదనపల్లె చేరి మద్రసా అలమారా పైన వెదికించాను. పాత రిజిస్టర్ల వెనుక, దుమ్ములో, ఆ ప్లాస్టిక్ విమానం ఇంకా ఉన్నది. ఒక చక్రం లేదు. ఫోనులో చెబితే, “ఫరవాలేదు మామూ, చక్రం నేను చేసుకొంటాను, తెచ్చివ్వండి” అన్నాడు. దూదిలో చుట్టి పెట్టాను. వచ్చే గురువారం మళ్ళీ కుప్పం బస్సెక్కాలి, ఇన్షా అల్లాహ్.