గ్రంథపాలకుడు గడప దాటాలి

గ్రంథాలయమనగానే మనలో చాలమందికి స్ఫురించేవి బీరువాలు, నిశ్శబ్దం, ఒక మూల రిజిష్టరు ముందు కూర్చున్న ఉద్యోగి. పుస్తకం కావలసినవారు వచ్చి అడుగుతారు. ఉంటే ఇస్తారు, లేకుంటే లేదంటారు. గ్రంథపాలకుని ధర్మం ఇంతటితో ముగుస్తుందని విద్యార్థులూ, పాలకవర్గాలూ, ఒక్కొక్కప్పుడు గ్రంథపాలకులూ కూడ భావిస్తున్నారు. ఈ భావన ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ చరిత్రకే విరుద్ధమని నా అభిప్రాయం.

ఆ చరిత్ర మనకు దూరమైనది కాదు. 1914 ఏప్రిల్ 10న చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగింది మన బెజవాడలోనే. దానికి ప్రధాన సూత్రధారి అయ్యంకి వెంకటరమణయ్య గారు. వారు పుస్తకాలను కాపాడుతూ కూర్చున్నవారు కారు. ‘గ్రంథాలయ సర్వస్వము’ అనే పత్రికను నడిపారు. గ్రంథాలయ యాత్రలు సాగించి, ఊరూరా జనాన్ని సమావేశపరచి, గ్రంథాలయం ఎందుకు కావాలో బోధించారు. పాతూరి నాగభూషణం గారు 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువమీద పడవలో పుస్తకాలు పెట్టి పాఠకుల ముంగిటికి పంపారు. ఆ రోజుల్లో కృష్ణా మండలపు పల్లెలకు పడవే ప్రయాణసాధనం, అచ్చుయంత్రమే ప్రచారసాధనం. తమ కాలం అందించిన సాధనాలను ఆ పెద్దలు సంకోచం లేకుండ చేపట్టారు.

వారి ప్రచారం ఊరికే పోలేదు. 1948లో మద్రాసు పౌరగ్రంథాలయ చట్టం, రాష్ట్రావతరణానంతరం 1960లో ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయ చట్టం వచ్చాయి. ఇంటిపన్ను చెల్లించే ప్రతి గృహస్థుడూ రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సుంకం కూడ చెల్లిస్తున్నాడు. ఈ సంగతి ఎందరికి తెలుసు? వసూలైన సుంకాన్ని స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయడంలేదనీ, బకాయిలు పేరుకుంటున్నాయనీ తరచు వింటున్నాం. తన సొమ్ముతో నడిచే సంస్థ అని పౌరునికే తెలియనప్పుడు, దాని పక్షాన నిలదీసి అడిగేవారెవరు? గ్రంథాలయం పక్షాన మాట్లాడడం కూడ గ్రంథపాలకుని విధులలో ఒకటి. ఆ గొంతు వినిపించనిచోట ముందు పుస్తకాల పద్దు, తరువాత ఉద్యోగం, చివరకు గది కూడ పోతాయి.

చేతిలో ఫోను ఉండగా గ్రంథాలయమెందుకని ప్రశ్నించేవారున్నారు. నిజమే, ఫోనులో అపారమైన గ్రంథసంపద ఉన్నది. 2018లో జాతికి అంకితమైన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయం ఉన్నది. తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందసేవకులు పాత గ్రంథాలను అక్షరం అక్షరం సరిచూచి ఉంచుతున్నారు. ఉర్దూ అభిమానులకు 2013లో ఆరంభమైన రేఖ్తా ఉన్నది. ఇవన్నీ ఉచితమే. అయినా రెడ్డిగూడెం మామిడితోటల నడుమనుండి బస్సెక్కి వచ్చే మన విద్యార్థులలో వీటిని తెరచి చూచినవారెందరు? పుస్తకం ఉండడం వేరు, ఉన్నదని తెలియడం వేరు. తెలియజెప్పే మనిషి లేనిదే ఆ సంపద అడవిగాచిన వెన్నెలే. కనుక ఫోను వచ్చినందువలన గ్రంథపాలకుని అవసరం తగ్గలేదు, పెరిగింది.

విదేశాలలోని ఒక ఉదాహరణ. 1998లో అమెరికాలోని సియాటిల్ పౌరగ్రంథాలయంలో నాన్సీ పెర్ల్ అనే గ్రంథపాలకురాలు, నగరమంతా ఒకే పుస్తకం చదివి చర్చించుకొంటే ఎలా ఉంటుందన్న ఆలోచనను ఆచరణలో పెట్టింది. అనతికాలంలోనే అనేక నగరాలు ఆమె బాటను అనుసరించాయి. దానికి పెద్ద యంత్రాలు అవసరం కాలేదు. పాఠకులను తానుగా పలుకరించాలన్న సంకల్పం చాలింది.

ఇక మన కళాశాల సంగతి. పాలకవర్గం వారి పరిశీలనకు కొన్ని సూచనలు మనవి చేస్తాను. గ్రంథాలయం పేర ఒక వాట్సాప్ ఛానెల్ తెరచి, వారానికొకసారి కొత్త పుస్తకాల వివరాలు, ఒక మంచి పుస్తకాన్ని గురించిన పది వాక్యాలు తెలుగులోనూ, ఉర్దూలోనూ ప్రకటించాలి. ఛానెల్‌లో చేరినవారి నంబర్లు ఇతర సభ్యులకు కనబడవు గనుక విద్యార్థినుల తలిదండ్రులు సందేహింపనక్కరలేదు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్న కుటుంబాలు మనలో తక్కువ కాదు. కాబట్టి అదే సమాచారాన్ని కాగితంమీద వ్రాసి ద్వారం దగ్గర గోడపత్రికగా అంటించాలి. ఏడాదికొక రచయితను ఎన్నుకొని రెండు భాషల విద్యార్థులూ కలిసి చదవాలి. ప్రేమ్‌చంద్ కథలు రెండు భాషలలోనూ లభిస్తాయి, వాటితో ఆరంభింపవచ్చును. ఒకే తరగతిలో కూర్చుంటూ, ఒకరు చదివేదేమిటో మరొకరు ఎరుగని మన పిల్లలకు అది మంచి కలయిక కాగలదు.

ఖర్చు ఎక్కడిదంటారేమో. వీటికి కావలసినది ధనం కన్న సమయం. పరీక్షల పనులకు, కార్యాలయపు లెక్కలకు, ఎవరైనా సెలవుపెట్టినచోట తరగతి కనిపెట్టుకొని ఉండడానికి గ్రంథపాలకుని పంపే అలవాటు చాల కళాశాలలలో పాతుకొనిపోయినది. వారానికి నాలుగు గంటలైనా ఈ పనికే వదలిపెడితే ఏడాది తిరిగేసరికి ఫలితం పుస్తకాల రిజిష్టరులోనే కనబడుతుంది. ఫలితం లేదని తేలితే నా సూచనలను నిరాకరించే హక్కు పాలకవర్గానికి ఎలాగూ ఉన్నది.

విద్యార్థులారా, మీకొక మాట. గ్రంథపాలకుడు గడప దాటి మీవద్దకు వచ్చిననాడు మీరు ముఖం తిప్పుకొనరాదు. చదివిన పుస్తకం బాగున్నదో, బాగులేదో ఆ గోడపత్రికకు మీరే నాలుగు వాక్యాలు వ్రాసి ఇవ్వండి. గ్రంథాలయం మాకు కావాలి అని మీరు అడిగిననాడు దానిని మూసివేసే సాహసం ఎవరూ చేయరు.