మా యాస కావాలి, మా నవ్వు వద్దా?

పెళ్ళిచూపుల బాధ ఒక్కసారితో తీరిపోతుందనుకునేదాన్ని. మొదటి పుస్తకం అచ్చువేయించబోయాక తెలిసింది, రచయిత్రికి రెండోసారి కూడా తప్పవని!

రాతప్రతి సంచిలో పెట్టుకుని పలాసలో రైలెక్కాను. పెద్దమనిషి దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళకూడదని అమ్మ అరకేజీ జీడిపప్పు కూడా పెట్టింది. బద్ద కాదు, గుండే! ప్రచురణకర్తగారు రెండు పలుకులు నోట్లో వేసుకుని, నాలుగు పేజీలు తిప్పి, "హాస్యమా?" అన్నారు, 'పిల్ల చామనఛాయా?' అన్న పెళ్ళికొడుకు తల్లి గొంతుతో. "మీది ఉద్దానం గదమ్మా! తుపాన్లూ, కిడ్నీ జబ్బులూ, వలసలూ... ఏడిపించే కథలు రాయండి, చూద్దాం." పైగా అచ్చు ఖర్చు నేనే పెట్టుకోవాలట. అంటే కట్నమన్నమాట.

కట్నం మాట అలా ఉంచండి. ఆయన తీసేయమన్న కథ సంగతి చెప్తాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి. తెల్లారి చూస్తే మా ఎదురింటి అత్త ఇంటిమీద రేకులు లేవు. అత్త నడింట్లో నిలబడి ఆకాశంకేసి చూసి, "ఒక్క కిటికీ ఎట్టించమని పదేళ్ళు పోరినాను, మీ మావ ఇన్నేదు. ఇప్పుడు సూడే, ఇల్లంతా కిటికీయే!" అంది. ఆ తర్వాత పడిపోయిన కొబ్బరిచెట్టు పక్కన కూర్చుని ఏడ్చింది కూడా. రెండూ ఆవిడవే. ఏడుపు ఉంచి నవ్వు తీసేయమంటే సగం మనిషిని కొట్టేయమన్నట్టు కాదూ?

"కష్టాలమీద నవ్వడం తప్పు కదా!" అన్నారాయన. బాధపడేవాళ్ళను చూసి నవ్వడం తప్పు. బాధపడ్డవాళ్ళు నవ్వుకోవడం ధైర్యం. సినిమాలో వెర్రిబాగుల పాత్రకి మా యాస తగిలించి పగలబడి నవ్వేటప్పుడు ఈ సున్నితం ఎక్కడికి పోతుందో! మమ్మల్ని చూసి లోకం నవ్వొచ్చు. మేం నవ్వితే మాత్రం మర్యాద కాదు!

హాస్యం తేలిక సరుకనేవాళ్ళకి ఒక్క మాట. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' దేని గురించి? పసిపిల్లల్ని ముసలివాళ్ళకు అమ్మే ఘోరం గురించి. గురజాడ దాన్ని ఏడుపు నాటకం చేయలేదు. వాడుకమాటల్లో, పొట్ట చెక్కలయ్యేలా రాశారు. ఏడిపిస్తే కళ్ళు తుడుచుకుని మళ్ళీ బేరానికి కూర్చోవచ్చు. నవ్వులపాలయ్యాక తలెత్తడం కష్టం.

మా పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళ చేతులు చూడండి. తొక్కలోని జీడి అంటితే చర్మం కాలుతుంది. ఆ చేతుల్లోంచే తెల్లటి పప్పు వస్తుంది. మా హాస్యమూ అంతే. పప్పు నములుతూ, 'మీ దగ్గర జీడే ఉండాలి' అనడం ఏం న్యాయం?

చివరికి చీటీ పాడి నేనే అచ్చువేయించుకున్నాను. ఆ కథలో అక్షరం మార్చలేదు. టెక్కలి పిన్ని మాత్రం "మనింటి పిల్ల పుస్తకానికి డబ్బులేటే!" అని ఊరికే పట్టుకుపోయింది.

ఎదురింటి అత్తకి చదివి వినిపించాను. పడీపడీ నవ్వి, "కిటికీ మాట నాది గదా, నాకేటిస్తావే?" అంది.

న్యాయమే! కాబట్టి అక్కల్లారా, పుస్తకం ఊరికే అడక్కండి, కొనుక్కోండి. నేను అత్తకో కిటికీ బాకీ.