ఫ్లెక్సీ మీది ప్లేస్‌మెంట్

అడ్మిషన్ల సీజన్ మొదలైందంటే దిల్‌సుఖ్‌నగర్‌లోనూ విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరా కాలేజీల ఫ్లెక్సీలు లేస్తాయి. పాస్‌పోర్టు ఫొటోల వరుస, ఒక్కో ఫొటో కింద లక్షల్లో ప్యాకేజీ, పైన పెద్ద అక్షరాల్లో ‘100 శాతం ప్లేస్‌మెంట్’. బీకాంలోనో బీబీఏలోనో ఎంబీఏ ఫైనాన్స్‌లోనో పిల్లల్ని చేర్చే తల్లిదండ్రుల చూపు ఆ అంకె దగ్గరే ఆగుతుంది. చదువు పూర్తయ్యాక కాలేజీ ఇప్పించే ఉద్యోగమే ప్లేస్‌మెంట్ అని తెలుగు రాష్ట్రాల్లో అర్థం స్థిరపడిపోయింది.

బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో ఇదే మాటకు అర్థం వేరు. బాత్, లఫ్‌బరో, ఆస్టన్ లాంటి చోట్ల ఫైనాన్స్ విద్యార్థి రెండేళ్లు చదివి, మూడో ఏడు బ్యాంకులోనో ఆడిట్ సంస్థలోనో పనిచేసి, చివరి ఏడాదికి మళ్లీ తరగతికి రావచ్చు. మధ్యలోని ఆ పని సంవత్సరాన్నే అక్కడ ప్లేస్‌మెంట్ అంటారు. అందుకే వీటికి శాండ్‌విచ్ కోర్సులని పేరు. ఇంగ్లండులో ఆ ఏడాదికి స్వదేశీ విద్యార్థి నుంచి గరిష్ఠ ఫీజులో 20 శాతానికి మించి తీసుకోకూడదన్న నిబంధన కూడా ఉంది.

‘ముందు చదువు కానీ, పని సంగతి తర్వాత చూద్దాం’ అనేది ఇక్కడి ఇళ్లలో పెద్దలు చెప్పే మాట. ఫైనాన్స్ చదివేవారికి ఇంతకంటే నష్టం చేసే సలహా లేదు.

దీనికి రుజువు కోసం బ్రిటన్ దాకా పోనక్కర్లేదు. 1949 చట్టంతో ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ మొదటి నుంచీ ఆర్టికల్‌షిప్ మీదే, అంటే ఆడిట్ ఆఫీసులో పనిచేస్తూ పొందే శిక్షణ మీదే నడుస్తోంది. 2023 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త విధానంలో మూడేళ్ల శిక్షణ రెండేళ్లకు తగ్గింది గానీ, ఆ శిక్షణ లేనిదే ఎవరూ సీఏ కాలేరు.

ఆ రెండేళ్లలో ఏం నేర్చుకుంటారు? ఆడిట్ ఆఫీసుకు వేరే పంచాంగం ఉంటుంది. 7న టీడీఎస్ కట్టాలి, 11కల్లా అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 వేయాలి, 14న అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా జీఎస్టీఆర్-2బీ వస్తుంది, 20న పన్ను కట్టే జీఎస్టీఆర్-3బీ గడువు. సరుకు కొన్న దుకాణదారు చేతిలో బిల్లు ఉంటుంది, అమ్మినవాడు మాత్రం దాన్ని తన రిటర్నులో చూపించడు. 2బీలో బిల్లు కనబడకపోతే, కొన్నప్పుడు కట్టిన పన్నుకు రావలసిన క్రెడిట్ ఆగిపోతుంది. అప్పుడు కొనుగోలు రిజిస్టరు ముందేసుకుని, ఒక్కో బిల్లూ సరిచూసి, అమ్మినవాడికి ఫోన్ చేసి, బతిమాలో గదమాయించో తేడా తేల్చాలి. పాఠ్యపుస్తకంలో ఒక పేరాతో సరిపోయే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్, ఆఫీసులో రాత్రి తొమ్మిదైనా తెమలదు.

పెద్ద సంస్థల లెక్కా ఇంతే. హైదరాబాద్‌లో వెల్స్ ఫార్గో, జేపీ మోర్గాన్, స్టేట్ స్ట్రీట్ ఉన్నాయి. 2021లో గోల్డ్‌మన్ శాక్స్ ఆఫీసు తెరిచింది. ఇలాంటి సంస్థలు వేసవి ఇంటర్న్‌లుగా పనిచేసినవారిలోంచే చాలామందిని ఉద్యోగాల్లోకి తీసుకుంటాయి. ఆ ఇంటర్న్‌షిప్ సాధారణంగా చివరి ఏడాదికి ముందు వేసవిలో ఉంటుంది. ఆఖరి సెమిస్టర్‌లో కాలేజీకి కంపెనీ వస్తుందని ఎదురుచూసేవాడికి అప్పటికే ఒక బండి తప్పిపోయినట్టే.

ఆంధ్రప్రదేశ్ ఈ సంగతి గుర్తించి, 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. ఆలోచన మంచిదే. ఆచరణలో చాలా చోట్ల అది తెలిసినవారి ఆఫీసు ముద్ర, జిరాక్స్ షాపులో బైండింగ్ చేయించిన రిపోర్టు దగ్గర ఆగిపోతోంది. ఇక 2024లో కేంద్రం తెచ్చిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదట నెలకు 5,000 రూపాయలు ప్రకటించింది గానీ, రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లి చదువుతున్నవారికి అప్పుడు అందులో చోటివ్వలేదు. మళ్లీ అదే వరుస, ముందు చదువు, తర్వాత పని.

అలాగని డిగ్రీయే దండగ, అమీర్‌పేటలో మూడు నెలలు ట్యాలీ నేర్చుకుంటే చాలనే వాదనా నిలవదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం గుర్తుచేసుకోవాలి. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే ఒప్పుకున్నారు. అంతకుముందు ఆ లెక్కల మీద సంతకం పెట్టిన ఆడిటర్లకు అనుభవం తక్కువేమీ కాదు. నిల్వ ఎంతో కంపెనీ చూపించిన కాగితాన్ని బట్టి కాక నేరుగా బ్యాంకునే అడిగి తెలుసుకోవాలన్నది ఆడిటింగ్‌లో తొలి పాఠాల్లో ఒకటి. తరగతిలో ఆ ‘ఎందుకు’ వినకుండా కేవలం మీటలు నొక్కడం నేర్చినవాడికి, కాగితం ఎవరి చేతి మీదుగా వచ్చిందని అడగాలనే తోచదు.

పల్లె నుంచి వచ్చిన పిల్లలకు ఇదంతా ఎలా కుదురుతుంది, నగరంలో హాస్టల్ ఖర్చు ఎవరు భరిస్తారన్న అభ్యంతరం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. చాలా ఆఫీసుల స్టైపెండ్ ఆ ఖర్చుకు సరిపోదు కూడా. అయితే లెక్కలు నగరంలోనే ఉంటాయని ఎవరన్నారు? ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు 63,000 దాకా కంప్యూటరీకరించడానికి కేంద్రం 2022లో 2,516 కోట్లతో పథకం ఆమోదించింది. ఏళ్ల నాటి రుణ ఖాతాల్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే సరిపోదు, సరిచూసే మనిషీ కావాలి. మండల సమాఖ్యలో డ్వాక్రా సంఘాల పొదుపు, అప్పుల పద్దులున్నాయి. రైస్ మిల్లుకు రిటర్నులున్నాయి, చిట్‌ఫండ్ ఆఫీసుకు వసూళ్ల చిట్టా ఉంది. కామర్స్ లెక్చరర్ నెలకోసారి అక్కడికి వెళ్లి విద్యార్థి చేసిన పనిని చూసి మార్కులు వేస్తే, ఇంటి నుంచి వెళ్లివచ్చే దూరంలోనే ప్లేస్‌మెంట్ దొరుకుతుంది.

ఈసారి అడ్మిషన్‌కు వెళ్లే తల్లిదండ్రులు ఫ్లెక్సీ మీది ప్యాకేజీని కాసేపు పక్కన పెట్టాలి. నిరుడు రెండో ఏడు చదివిన పిల్లలు ఏ ఆఫీసుల్లో ఎన్ని రోజులు కూర్చున్నారో, వారి పనిని ఎవరు చూశారో రిజిస్టరు చూపించమని కాలేజీని అడగాలి. చూపించకపోతే, ఫీజు కట్టకముందే ఇంకో కాలేజీ మెట్లెక్కడం మంచిది.